బాణీలో ఒదిగే మాట

పాట రాసే కవికి కాగితం కంటే ముందు రెండు సంగతులు తెలియాలి: పాట ఎవరు, ఏ ఘట్టంలో పాడుతున్నారు; బాణీ ముందు కట్టారా, మాట ముందు రాయాలా. సినీ కవులు తమ పని గురించి చెప్పిన ముచ్చట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఈటీవీలో 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’కు అతిథులుగా వచ్చిన కవులు చెప్పిన కబుర్లూ, వేటూరి సుందరరామమూర్తి ‘కొమ్మ కొమ్మకో సన్నాయి’లో రాసుకున్న జ్ఞాపకాలూ ఈ విద్యకు మంచి పాఠాలు.

వేటూరిది దివిసీమ అంచున ఉన్న పెదకళ్లేపల్లి. విజయవాడ నుంచి తోట్లవల్లూరు మీదుగా కృష్ణ కరకట్ట వెంట దిగువకు సాగితే ఆ ప్రాంతానికి చేరవచ్చు. ఈ దిగువ కృష్ణ నేలలో పాట కట్టడం పాత విద్యే. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పేరు మొవ్వతో ముడిపడి ఉంది. ఆయన పదం విలంబకాలంలో నడుస్తుంది. ఒక్క మాటను నర్తకి పదిరకాలుగా అభినయించడానికి అందులో చోటుంటుంది. పక్కనే ఉన్న కూచిపూడిలో సిద్ధేంద్రయోగి భామాకలాపంలో రంగం మీదికి వస్తూ పాడే ప్రవేశదరువుతోనే పాత్ర స్వభావం తెలిసిపోతుంది. సందర్భానికి తగ్గ పాట అనే సూత్రం సినిమాలు పుట్టకముందే ఇక్కడ స్థిరపడింది.

బాణీ ముందుగా వస్తే కవి లెక్క మాత్రలతో మొదలవుతుంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ‘పడవ’ మూడు మాత్రలు కాబట్టి తకిట అనే తిస్రగతిలో హాయిగా కూర్చుంటుంది. ‘కరకట్ట’, ‘కృష్ణమ్మ’ అయిదేసి మాత్రలు, ఖండగతికి సరిపోతాయి. ‘తోట్లవల్లూరు’ ఎనిమిది మాత్రలే అయినా నాలుగు, నాలుగుగా విడదీయలేం. ‘వల్’ అనే గురువు సరిగ్గా విరుపు మీద పడుతుంది. నాలుగేసి మాత్రల చతురశ్రంలో ఆ ఊరిపేరు పాడాలంటే గాయకుడు ఎక్కడో సాగదీయాలి, లేదా కవి ఆ మాటను మరోచోటికి జరపాలి. లెక్క కుదిరినంత మాత్రాన పని అయిపోదు. స్వరం నిలిచే చోట దీర్ఘాచ్చు ఉంటే గొంతు తెరుచుకుంటుంది. వేగంగా పరుగెత్తే చోట సంయుక్తాక్షరాలు గుదిగుచ్చితే నాలుక తడబడుతుంది. ఇది ఏ ఛందోగ్రంథమూ పూర్తిగా నేర్పదు, పాడి చూసుకోవాల్సిందే.

మాట ముందుండే పద్ధతిని ఇష్టపడిన సంగీతదర్శకుడు కె.వి.మహదేవన్. రాసిన సాహిత్యాన్ని ఎదుట పెట్టుకుని బాణీ కట్టేవారు. 1980 నాటి ‘శంకరాభరణం’ ఆయనదీ వేటూరిదీ. 1983లో వచ్చిన ‘సాగరసంగమం’లో వేటూరి ఇళయరాజా సంగీతానికి రాశారు. కవికి బాణీ సంకెల అని కొందరంటారు. వేటూరి పాటలు వింటే ఆ మాట నిలవదు; బాణీ ఇచ్చిన విరుపుల వల్లే ఆయనకు తట్టిన పదబంధాలు ఎన్నో.

బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు పరిస్థితి వేరు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలకు మాటలూ పాటలూ ఆయనే రాశారు. అందుకే అక్కడ పాట సంభాషణలోంచి నెమ్మదిగా పుట్టినట్టుంటుంది, కథను ఆపి పాడినట్టుండదు. పల్లవిలో ఒక్క మాట చాలు, అది ఏ పాత్ర నోటిదో పోల్చుకోవచ్చు.

జాతీయ పురస్కారం అందుకున్న తెలుగు సినీ గీత రచయితల్లో శ్రీశ్రీ తర్వాత రెండోవారు వేటూరి. 1993 నాటి ‘మాతృదేవోభవ’ పాటకు అది దక్కింది. సినిమా కవుల ముచ్చట్లు పుస్తకంలోనో టీవీలోనో ఎంతోకొంత నిలిచాయి. కానీ పాట కట్టేది వాళ్లు మాత్రమే కాదు. కోలాటానికీ, భజనకూ, నాట్లకూ పాట కట్టేవాళ్లు డెల్టా ఊళ్లలో ఇంకా ఉన్నారు. మీ ఊళ్లో అలాంటివారుంటే పాటను మాత్రమే కాదు, దాన్ని ఎలా కట్టారో కూడా అడిగి రికార్డు చేసి దాచండి.