పల్నాటి వీరగాథలో బాలుర చెలిమి

పిల్లలను ఒక పంక్తిని కూర్చుండబెట్టుట వేఱు. వారు ఒకరినొకరు తమవారినిగా ఎంచుకొనుట వేఱు. ఈ భేదమును కారంపూడి వీరగాథ చక్కగా చూపుచున్నది.

12వ శతాబ్దిలో ఇచట జరిగిన పల్నాటి యుద్ధమును పాడు గాథలలో బ్రహ్మనాయుడు చాపకూడు నెలకొల్పి పలుకులములవారిని కలిపి భుజింపజేసెను. అది పెద్దల కట్టడి. ఆయన కుమారుడు బాలచంద్రునకును, వివిధకులములకు చెందిన అతని 'తమ్ముల'కును నడుమ నున్నది చెలిమి. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. అతడు రణమున మడియరాదని తలచి బాలచంద్రుడు మిషతో అతనిని వెనుకకు పంపెను. అది తెలిసిన అనపోతు ప్రాణత్యాగము చేసెను. దయతో వెలివేసినను వెలి వెలియే యని మేము గ్రహించు భావము.

తరగతిలో ఎవరును కోరుకొనని బాలుని గుర్తించుటకై, ఎవరి ప్రక్కన కూర్చుండ గోరుదువని పిల్లలనే అడుగు పద్ధతిని మొరీనో 1934లో తన గ్రంథమున వివరించెను. మన ప్రభుత్వ పాఠశాలలలో 2003 నుండి వండిపెట్టుచున్న మధ్యాహ్నభోజనము పంక్తిని సమకూర్చినది. కాని జట్టులోనికి కడపట పిలువబడు బాలు డెవరో, అలసిపోవునన్న జాలితో ఆటనుండి తప్పింపబడు బాలిక యెవరో పంక్తి చెప్పదు. అందులకు ఉపాధ్యాయుడు ఆటస్థలమును చూడవలెను. ఆ బిడ్డకు కావలసినది జాలి కాదు, జట్టులో ఒక పని.