ఉర్దూ బడిలో తెలుగు కవి

సిరిసిల్లలో మాధ్యమిక విద్య మొదలుకొని ఉస్మానియాలో బి.ఏ. పట్టము చేతికి వచ్చువరకు ఉర్దూలోనే చదువుకొనిన యొక రైతుబిడ్డ, తెలుగున విశ్వనాథ సత్యనారాయణగారి తరువాత జ్ఞానపీఠ పురస్కారము నందుకొనిన రెండవ కవి యయ్యెననగా, పట్టుదలను గూర్చి మనము సామాన్యముగా చెప్పుకొను మాటలను ఒకసారి సరిచూచుకొనవలసియుండును.

డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు 1931 జూలై 29న వేములవాడకు సమీపమున నున్న హనుమాజీపేటలో జన్మించిరి. ఊరిలో హరికథలు, జంగము కథలు, జానపదుల పాటలు చెవినిండ వినవచ్చుచుండెను. బడిలో మాత్రము లెక్కలైనను చరిత్రయైనను ఉర్దూలోనే నేర్వవలెను. అది నిజాము పాలనాకాలము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూనే బోధనభాషగా స్వీకరించినది. కరీంనగరములో ఉన్నత పాఠశాల, హైదరాబాదులో చాదర్‌ఘాట్ కళాశాల ముగించి, బి.ఏ. పిదప వారు తెలుగులో ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వముపై సిద్ధాంతగ్రంథము రచించి 1962లో డాక్టరు పట్టము పొంది, తుదకు ఉస్మానియాలోనే తెలుగు ఆచార్యులైరి.

ఇంకొకరైనచో, బాల్యమున తన తెలుగును కప్పివేసిన భాషయని ఉర్దూపై జీవితాంతము అలిగియుందురు. వీరు అలుగలేదు. రెండేసి పంక్తుల షేర్లు, ప్రతి షేరు చివరను మరలివచ్చు రదీఫు, పంక్తిని ఒకసారి పలికి ఆగి శ్రోతను ఊరించి పిమ్మట ముడి విప్పెడి ముషాయిరా (ఉర్దూ కవిసభ) నేర్పు, ఇవన్నియు ఆ చదువు పుణ్యమున వారికి కరతలామలకములు. దాశరథిగారు తెలుగున ప్రవేశపెట్టిన గజలును వీరు విరివిగా వ్రాయుటయే కాక, స్వయముగా పాడి సభలను అలరించిరి. నిర్బంధముగా వచ్చిన చదువునుండి ఇంత రాబట్టుకొనుట అడ్డంకిని గెలుచుటకంటె కష్టమైన విద్యయని నా నమ్మకము.

ఇక వారి కృతులు: 1953లో ‘నవ్వని పువ్వు’, 1957లో ‘కర్పూర వసంతరాయలు’, 1980లో ‘విశ్వంభర’. జ్ఞానపీఠము 1988 సంవత్సరమునకు. నడుమ 1962లో ‘గులేబకావళి కథ’తో ఆరంభమైన సినిమా పాటలు మూడువేలు దాటినవి. సినిమాకు వ్రాసి కవిత్వమును పలుచన చేసికొనిరని పెదవి విరిచినవారు లేకపోలేదు. నా మట్టునకు, గడువునకు లోబడి, బాణీకి ఒదిగి, నటుని నోటికి నప్పునట్లు పల్లవి నిలుపవలసిన ఆ పని కవి చేతికి మంచి కసరత్తే యనిపించును. జన్మదినమున ఒక గ్రంథమును వెలువరించుట వారు ఏటేట పాటించిన నియమము. ఉత్సాహము కలిగినపుడు వ్రాయుదమనుకొనువానికి ఉత్సాహము సాధారణముగా కలుగదు. తేదీ నిర్ణయించుకొనినవానికి, అది కలిగినను కలుగకున్నను, కాగితము ముందు కూర్చొనక తప్పదు. వారి పట్టుదలలో వీరోచితమైన భాగము చాల స్వల్పము, పంచాంగము చూచుకొని చేసిన భాగమే అధికము.

అయితే ఇచ్చట ఒక మాట దాచరాదు. సిరిసిల్లలో మరమగ్గముల హోరునడుమ రాత్రి షిఫ్టులో నిలువుకాళ్లపై పనిచేయు నేత కార్మికునకు, కోరుట్లలో ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టు ఇల్లాలికి, జగిత్యాల పల్లె విడిచి దుబాయి ఎండలో కూలిచేయు యువకునకు పట్టుదల తక్కువా? తక్కువైనచో ఆ యిండ్లలో పొయ్యి వెలుగదు. అయినను ఈ శతాబ్దారంభమున సిరిసిల్ల పేరు పత్రికలలో తరచుగా కనబడినది నేతన్నల ఆత్మహత్యల వార్తలతోనే. అప్పు పెరిగి, పని తరిగినపుడు ఎంతటి ఓర్పుగల చేయియైనను ఏమి చేయగలదు? నారాయణరెడ్డిగారికి బాల్యమున చదివించిన తండ్రియు, యౌవనమున అధ్యాపకునిగా నెలజీతమును ఉండెను. ఏటికొక గ్రంథమనెడి నియమము నిలిచినది వీటిమీదనే. యువకులకు ఉద్యోగపరీక్షలనుగూర్చియు వ్యాపారమునుగూర్చియు పట్టుదలోపదేశము చేయు పెద్దలు ఈ సంగతిని ప్రక్కన పెట్టి మాటాడుట నాకు రుచింపదు.

నారాయణరెడ్డిగారు 2017 జూన్ 12న దివంగతులైరి. ఆ సంవత్సరమే తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టగా, ఆ నేతపని సిరిసిల్లకు వచ్చినది. ఆర్డరు ఉన్న నెలలలో మగ్గములు ఎడతెగక ఆడినవి. ఆర్డరు ఆగినపుడు కూలి లేక కూర్చొనినవారును ఆ కార్మికులే.