గిటారుకు లక్క పూత

మా కాలేజీలో గిటారు వాయించేవాళ్లు ముగ్గురే. అందులో కోదాడ మిత్రుడి గిటారు వాళ్ల నాన్న కొన్నది. ఆయన ఇప్పుడు లేరు. మోచేయి ఆనే చోట పూత లేచిపోయి కట్టె బయటపడితే, "కెమిస్ట్రీ చదివేవాణ్ణి, నేను చేసిస్తలే" అని సూర్యాపేట దగ్గరి మా ఊరికి పట్టుకుపోయాను. సేద్యం చేసే ఇంట పుట్టి కూడా శ్రావణమాసమని చూసుకోలేదు.

ముందు ఆ పూత ఏమిటో తెలియాలి గదా! కనపడని మూల ఒక చుక్క స్పిరిట్ అద్దితే జిగటగా కరిగింది. అంటే లక్క. నైట్రోసెల్యులోజ్ లాకర్‌కైతే థిన్నర్ కావాలి. పాలియురెథేన్ ఒకసారి గట్టిపడ్డాక థిన్నర్‌కు కూడా కరగదు.

లక్క పురుగు మోదుగ, రేగు కొమ్మల రసం పీల్చి, ఒంటి చుట్టూ కట్టుకునే గూడే లక్క. దేశంలో ఎక్కువగా జార్ఖండ్‌లో పండుతుంది. దాన్ని శుభ్రం చేసి పలకలుగా తీస్తే చపడా. స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పలచగా రుద్దుతారు. స్పిరిట్ ఎగిరిపోతే లక్క మిగులుతుంది. మన ఏటికొప్పాక బొమ్మలదీ లక్కే. అక్కడ స్పిరిట్ లేదు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ అదిమితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో నునుపు చేస్తారు. గిటారును లేతుమీద తిప్పలేం గనుక మనకు స్పిరిట్ తప్పదు.

నైట్రో లాకర్‌కు మూలం మన పత్తిలోని సెల్యులోజే. దాన్ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలిపి 1846లో షోన్‌బైన్ తుపాకి పత్తి చేశాడు. 1920లలో దాని లాకరు కార్లకెక్కింది; 1950లలో ఫెండర్ వాళ్లు ఆ కారు రంగులే గిటార్లకు వేశారు. పలచని పొరలు ఎన్నో వేయాలి, వారాల తరబడి ఆరనివ్వాలి. ఆవిరి మంటనంటుకుంటుంది, ఊపిరికి చెడుపు. పైగా ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది, చలికి సన్నని పగుళ్లిస్తుంది. ఫ్యాక్టరీలు పాలియురెథేన్ వైపు మొగ్గాయంటే తప్పు పట్టలేం.

మరి పాతవాటి గొప్పేమిటి? అకూస్టిక్ గిటారు పైపలక కదిలితేనే నాదం. మందమైన పూత దానికి బరువు. లక్క, నైట్రో పలచగా నిలుస్తాయి. ఎలక్ట్రిక్ గిటారుకు కూడా పూతవల్లే నాదం మారుతుందనే మాటను మాత్రం నేను నమ్మను. నాకు నచ్చిన గుణం వేరే ఉంది: కొత్త పూత పాత పూతను కొంచెం కరిగించి అందులో కలిసిపోతుంది. అతుకు కనపడదు. పాలియురెథేన్‌కు ఆ వీలు లేదు.

ఇంత తెలిసీ, ముసురులో నాలుగు పొరలు రుద్దాను. పొద్దున చూస్తే పూతంతా గంజి పూసినట్టు తెల్లబడింది! గుండె జారిపోయింది. ఆయన జ్ఞాపకాన్ని పాడుచేశానని మిత్రుడికి ఏ మొహంతో చెప్పను?

మిర్యాలగూడలో తలుపులకు పాలిష్ చేసే ఒక ముసలి వడ్రంగి దగ్గరికి తీసుకుపోయాను. చూసి నవ్వాడు. "వానల పాలిషేంది బిడ్డా? ఎండ పొడిగ కాయనీ."

"పోయినట్టేనా తాతా?"

"లక్క యాడికి పోతది? నీళ్లు తాగింది, గంతే."

ఆ మాట అన్నాక గానీ నాకు పాఠం గుర్తు రాలేదు. స్పిరిట్ ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. చల్లబడ్డ పూతమీద గాలిలోని తేమ చెమ్మగా దిగి, లక్కను తెల్లగా విరగ్గొడుతుంది. పైగా నా సీసా కిందటేటిది. కరిగించిన లక్క నెలల తరబడి నిలవుంటే సరిగా గట్టిపడదు. కొత్త చపడా ఎప్పటికప్పుడే కలుపుకోవాలి.

కార్తీకంలో, కోతలు సాగుతుండగా, పొడి ఎండ ఉన్న పూట మా వాకిట్లో కూర్చుని, కొత్త స్పిరిట్‌తో తడిపి పిండిన గుడ్డను గాలి తగిలినట్టు తేలిగ్గా ఆడించాను. పూత మళ్లీ కరిగింది, తేమ పోయింది, కట్టె రంగు మెల్లగా పైకి వచ్చింది. మిత్రుడు ముందు మోచేయి ఆనే చోట తడిమి చూసి, తరువాత తీగలు బిగించాడు. అంచు దగ్గర బొటనవేలంత తెల్లమచ్చ ఇంకా ఉంది. వచ్చే ఎండాకాలం తీస్తానంటే, వద్దు, అదట్లనే ఉండనీయమన్నాడు.