ఎరువు మీదే నిలబడి, ఆకలితో ఉన్న అడవి

పై వీడియోలో కనిపిస్తున్న పైన్ చెట్లను ఒకసారి ఆపి చూడండి. కొన్ని మనిషి ఎత్తు కూడా లేవు, వంకర్లు తిరిగి ఉన్నాయి. "వీటి వయసెంత ఉంటుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే "ఐదారేళ్లేమో" అన్నాను. వందేళ్లు దాటినవీ ఉన్నాయట!

ఇది కెనడా పడమటి తీరం. మా అమ్మాయి వాళ్లుండే వాంకూవర్ నుంచి ఓడ ఎక్కి, వాంకూవర్ దీవి దాటి వెళ్లాలి. టొఫినో దగ్గర షోర్‌పైన్ బాగ్ అనే చిత్తడి అడవి ఉంది. ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. 800 మీటర్ల చెక్క బాట మీద చుట్టి రావచ్చు.

బాట కింద ఉన్నది మామూలు మట్టి కాదండి. స్ఫాగ్నమ్ అనే నాచు చచ్చి, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే అడుగు మందానికి మూడొందల ఏళ్లు! మన నేలలో సేంద్రియ కర్బనం అర శాతం దాటితేనే సంబరపడతాం. ఇక్కడ దాదాపు అంతా సేంద్రియ పదార్థమే. అయినా చెట్టు ఎదగలేదు.

ముఖ్య కారణం నీరు నిలిచి గాలి ఆడకపోవడం. గాలి లేక సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. పైగా నాచు నీటిని పుల్లగా మారుస్తుంది. పోషకాలు పీట్‌లోనే బందీ అయిపోతాయి. అందుకే సన్‌డ్యూ అనే చిన్న మొక్క జిగురు ఆకులతో పురుగులను పట్టి నత్రజని సంపాదించుకుంటుంది. లాబ్రడార్ టీ లాంటి పొదలు వేళ్లలోని శిలీంధ్రాల సాయంతో బతుకుతాయి. పైన్ చెట్లు నాచు దిబ్బల మీదే నిలబడతాయి. చిత్తడి దాటి నీరు జారిపోయే నేలకు వస్తే, అదే వానకు రెడ్ సీడార్, హెమ్‌లాక్ చెట్లు ఆకాశాన్ని అంటుతున్నాయి.

అక్కడ నిలబడితే కోనసీమలోని మా పల్లపు మడి గుర్తొచ్చింది. వంగ మొక్కలు పసుపెక్కుతుంటే మూడేళ్లు వరసగా పశువుల ఎరువు, ఘనజీవామృతం పోస్తూనే ఉన్నాను. "ఎరువు తక్కువై కాదురా, దానికి ఊపిరాడటం లేదు" అని మా నాన్న అంటే వినలేదు. వాఫసా గురించి నలుగురికీ చెప్పేవాణ్ణి, నా మడిలోనే మరిచిపోయాను. తిరిగొచ్చాక చుట్టూ బోదె తీసి, ఎత్తు మడులు కట్టాను. ఈసారి కొత్త ఆకు పచ్చగా వస్తోంది.

అలాగని ఆ చిత్తడికి బోదెలు తీయాలని కాదు. పీట్ ఎండితే వేల ఏళ్ల కర్బనం గాలిలో కలిసిపోతుంది. అక్కడి మొక్కలకు అదే ఇల్లు. అందుకే నారు పెంచడానికి పీట్ మాస్ సంచులు కొనకండి, మన కొబ్బరి పొట్టు ఉండనే ఉంది.

మీ పొలంలో మొక్క పసుపెక్కితే, ఎరువు వేసే ముందు అడుగు లోతు తవ్వి చూడండి. మట్టి బూడిద రంగులో ఉండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే దానికి కావలసింది గాలి. మా మడిలో బోదె ఎలా తీశామో వీడియో చివర్లో చూపించాను.