అలసిన తల్లిదండ్రులకు దేవుడు చేసే మొదటి సహాయము

ఈ పూట, పిల్లలను పెంచుతూ అలసిపోయిన తల్లిదండ్రులతో కొన్ని మాటలు పంచుకోవాలని ఆశపడుతున్నాను.

పిల్లల పరీక్షలు, ఇంట్లో పెద్దవారి జబ్బు, కట్టవలసిన ఫీజులు, పనిచేసే చోట ఒత్తిడి ఒక్కొక్కసారి అన్నీ కలిసి మీద పడతాయి. తెల్లవారుజామునే లేచి, అందరికీ క్యారియర్లు కట్టి, డ్యూటీకి పరుగెత్తి, సాయంత్రము వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే తల్లితో “నీ ఆరోగ్యము చూసుకో అమ్మా” అని చెప్పామనుకోండి. “నాకు తీరిక ఎక్కడిది అయ్యగారూ?” అంటుంది. ఇంకొక సహోదరి, “నా గురించి నేను చూసుకుంటే అది స్వార్థము కాదా?” అంటుంది. ఈ రెండు ప్రశ్నలకూ దేవుని వాక్యములో జవాబు ఉన్నది.

రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయము తీసి చూడండి. కర్మెలు పర్వతము మీద గొప్ప విజయము చూచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని ప్రాణభయముతో బెయేర్షెబాకు పారిపోయాడు. తన దాసుని అక్కడే విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినము ప్రయాణము చేసి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చావే మేలనుకున్నాడు. ప్రవక్తయే అలా అనుకున్నాడు, ప్రియులారా! కాబట్టి “ఇక నా వల్ల కాదు” అని ఏడ్చే తల్లిని విశ్వాసము లేనిదని మనము తీర్పు తీర్చకూడదు.

అప్పుడు దేవుడు ఏమి చేశాడో గమనించండి. గద్దించలేదు. ప్రసంగము చేయలేదు. ఏలీయాను నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, రెండవసారి కూడా లేపి తినిపించాడు. ఎందుకు? చేయవలసిన ప్రయాణము అతని శక్తికి మించినది గనుక. హోరేబు కొండ దగ్గర మాట్లాడటము, క్రొత్త పని అప్పగించటము, అవన్నీ తరువాతనే. నిద్ర, భోజనము స్వార్థమైతే దేవుడు తన సేవకునికి ముందుగా వాటినే ఎందుకు ఇస్తాడు?

ఇప్పుడు మన ఇళ్లలోనికి వద్దాము. పెద్దలకు రాత్రి కనీసము 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అది కుదరదు, నిజమే. అయితే బిడ్డను తండ్రి ఎత్తుకున్న గంటలో తల్లి అంట్లు తోమటము మాని పడుకోవచ్చు. అంట్లు ఎక్కడికీ పోవు. పిల్లలు నిద్రపోయాక ఫోను చూస్తూ పోగొట్టుకునే అరగంటను నిద్రకు ఇవ్వవచ్చు.

ఇక భోజనము. అందరికీ పెట్టి, చివరన మిగిలినది తినటము మన తల్లులకు అలవాటు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశములో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉన్నది. అమ్మా, నీ నీరసము బద్ధకము కాకపోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించుకో. ఉదయము టీతో సరిపెట్టక, పిల్లలతోపాటు నీవూ రెండు ముద్దలు తిను.

మూడవది, భారము పంచుకోవటము. నిర్గమకాండము 18వ అధ్యాయములో ఉదయము నుండి సాయంత్రము వరకు ఒక్కడే ప్రజలకు తీర్పు తీరుస్తున్న మోషేను మామ యిత్రో చూశాడు. ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు. అలసట ఒక్కరితో ఆగదు. అలసిన తల్లి కోపము పిల్లల వీపు మీద పడుతుంది. మోషే వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారులను నియమించాడు. మన ఇంట్లో పదేళ్ల బిడ్డ, మగపిల్లవాడైనా సరే, తన కంచము తాను కడుక్కోవచ్చు. భర్తలారా, పిల్లల హోంవర్కు మీరు చూడవచ్చు. భర్త గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా పిల్లలను చూసుకుంటున్న సహోదరీ, నోరు తెరిచి ఒకరిని సహాయము అడుగు. ఒంటరియైన ఏలీయాకు కూడా దేవుడు తరువాత ఎలీషాను తోడు ఇచ్చాడు.

సంఘ పెద్దలారా, మీతో కూడా ఒక మాట. పసిబిడ్డ తల్లి రాత్రి కూటమికి రాలేదని తప్పు పట్టకండి. ఆమె ఇంటికి ఒక పూట కూర పంపండి. అదీ పరిచర్యయే.

“మాకు ఒక్కరోజు కూడా సెలవు దొరకదు” అంటారా? మార్కు సువార్త 6వ అధ్యాయములో, తినటానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువు విశ్రాంతికి పిలిచాడు. దోనె దిగేసరికి జనసమూహము అక్కడ సిద్ధముగా ఉన్నది! వారికి దొరికిన విశ్రాంతి ఆ దోనె ప్రయాణమంతే. మీకూ అంతే దొరకవచ్చు. బస్సులో కిటికీ ప్రక్కన పావుగంట, డాబా మీద పది నిమిషాలు. అది చిన్నదని విడిచిపెట్టవద్దు.

చివరిగా, రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, చనిపోవాలనే తలంపు ఒక్కసారి వచ్చినా, దాచుకోకండి. వైద్యుని కలవండి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యము పొందటము అవిశ్వాసము కాదు. ఏలీయాను అప్పముతో బలపరచిన దేవుడు, మనలను వైద్యుని చేతితో కూడా బలపరుస్తాడు.

ప్రియులారా, ఈ రాత్రి ఒక్క పని చేయండి. మిగిలిపోయిన పనిని రేపటికి విడిచి, ప్రభువునకు మీ పిల్లలను అప్పగించి, ఒక గంట ముందుగా పడుకోండి. ఇశ్రాయేలును కాపాడువాడు మేలుకొనే ఉన్నాడు. ఆ మాట నమ్మి కన్నులు మూసుకోవటము కూడా విశ్వాసమే. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.