మంచు కొండల్లో సీతారామరాజు పోస్టర్

అరకు అనగానే మీకు కాఫీ, బొంగులో చికెన్, రైలు సొరంగాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం పాత కాగితం వాసన గుర్తొస్తుంది. మా బ్యాచ్ వ్యూపాయింట్ దగ్గర రీల్స్ తీసుకుంటుంటే, నేను టీ కొట్ల దగ్గర ‘పాత సినిమా పోస్టర్లు ఎవరింట్లోనైనా ఉన్నాయా?’ అని అడుగుతూ తిరుగుతా. నవ్వుతారు. అలవాటైపోయింది.

మొన్న చలికాలంలో అరకు నుంచి పాడేరు మీదుగా చింతపల్లి దాకా వెళ్లాను. కారణం ఒక్కటే... ‘అల్లూరి సీతారామరాజు’. 1974 మే 1న విడుదలైన కృష్ణ నూరో సినిమా. తెలుగులో తొలి సినిమాస్కోప్ కూడా. షూటింగ్ చాలావరకు చింతపల్లి ప్రాంతంలోనే జరిగింది. దర్శకుడు వి.రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే, మిగతా సినిమా కృష్ణ పూర్తిచేశారు. పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్.దాస్ తీశారు. అసలు సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న దాడి చేసిందీ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. కథ జరిగిన చోటే సినిమా తీశారు. ఆ పోస్టర్ కూడా అక్కడే దొరికితే ఎలా ఉంటుంది?

అంటించనివే మిగిలాయి

పోస్టర్ అంటేనే నాలుగు రోజులు బతికే వస్తువు. కొత్త సినిమా రాగానే పాతదాని మీదే జిగురు పూసి కొత్తది అంటించేస్తారు. అందుకే ఇవాళ మనకు దొరికేవన్నీ దాదాపు అంటించకుండా మిగిలిపోయినవే. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి 2,600కు పైగా సినిమాలకు పోస్టర్లు డిజైన్ చేసిన పాలకొల్లు ఈశ్వర్ గారి పని కూడా ఎక్కువగా ఇలా గోడల మీదే కలిసిపోయింది. ఆయన 2021లో వెళ్లిపోయారు.

చింతపల్లి దగ్గర ఓ పెద్దాయన ఇంటికి వెళ్లమన్నారు. షూటింగ్ నాటికి ఆయనకు పదేళ్లట. ఆయన మేనమామ టూరింగ్ టాకీస్‌లో మైదా జిగురు బకెట్ పట్టుకుని ఊరూరా పోస్టర్లు అంటించేవాడు. అలా మిగిలిన ఒక్కటి రేకుపెట్టెలో, పాత చీరల కింద ఉంది. మడతల దగ్గర చిరిగింది. ఓ మూల చెదలు తినేశాయి. రంగులు మాత్రం బాగానే ఉన్నాయి.

‘‘తాతా, అయిదు వేలిస్తా’’ అన్నా. తల ఊపాడు. పది అన్నా.

‘‘డబ్బుల్దేటుంది బాబూ! మా మావది మిగిలింది ఇదొక్కటే. నువ్వట్టుకెళ్లి ఏటి సేత్తావు?’’

హైదరాబాద్ తీసుకెళ్లి బాగా చూసుకుంటా అనబోయి ఆగిపోయాను. నా మొదటి పోస్టర్ గుర్తొచ్చింది. ఏమీ తెలియని రోజుల్లో దాన్ని లామినేషన్ చేయించాను. రెండేళ్లకు బుడగలొచ్చాయి. ప్లాస్టిక్ లాగితే కాగితమూ ఊడొస్తుంది. ఎవరో యాభై ఏళ్లు కాపాడినదాన్ని నేను ఒక్క పూటలో పాడుచేశాను.

మీ ఇంట్లోనూ ఉంటే...

అందుకే ఇప్పుడు నా పద్ధతి వేరు. లామినేషన్ వద్దు, సెల్లో టేపు అసలే వద్దు. ఆ టేపు జిగురు కాగితాన్ని పచ్చగా మార్చేస్తుంది. ఎండ, చెమ్మ తగలకూడదు. ఆసిడ్ లేని కాగితం మధ్య పరిచి పెట్టాలి. మడత గీతలు చూసి బాధపడొద్దు. అప్పట్లో పోస్టర్లు మడతపెట్టే పంపేవారు. కొనేముందు కింది అంచున ప్రెస్ పేరు వెతకండి. భూతద్దంతో ప్రింట్ చుక్కలు చూడండి. హిట్ సినిమాలు మళ్లీ మళ్లీ విడుదలయ్యేవి కాబట్టి, పాతదైనంత మాత్రాన అది మొదటి విడుదల నాటిదని నమ్మేయొద్దు.

ఆ రోజు నేను కొనలేదు. అరుగు మీద పరిచి, ఫ్లాష్ లేకుండా ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి వాటిని కంప్యూటర్లో కలిపి, అసలు సైజులో ప్రింట్ తీయించి తాతకు పంపాను. అసలుదాన్ని ఎలా దాచాలో ఫోన్లో చెప్పాను.

వారం తర్వాత ఆయన మనవడు వాట్సప్‌లో ఫొటో పెట్టాడు. నా ప్రింట్ వాళ్లింటి ముందు గోడ మీద ఉంది. కింద తాత మాట రికార్డు చేసి పంపాడు.

‘‘అసలుది పెట్టెలోనే ఉంది బాబూ. నువ్వు పంపింది అంటించేశాను... మైదాతోనే!’’