ఆటుపోట్లు లేని తీరంలో తెరచాప పడవ

తెరచాప పడవలో సెలవులు అనగానే చాలామందికి గ్రీసో, క్రొయేషియానో గుర్తొస్తుంది. రద్దీ అక్కర్లేదు, సముద్రం మాత్రం కావాలనుకునేవారు స్వీడన్ మ్యాపులో స్టాక్‌హోం నుంచి బాగా పైకి వెళ్లి చూడాలి. హెర్నోసాండ్, ఊర్న్‌షోల్డ్స్‌విక్ పట్టణాల మధ్య తీరాన్ని అక్కడ హోగా కుస్తెన్ అంటారు. ఎత్తైన తీరం అన్నమాట.

ఆ ఎత్తు ఇంకా పెరుగుతూనే ఉంది. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు ఇక్కడి నేలను కిందికి అణచేసింది. మంచు కరిగాక నేల లేవడం మొదలై, ఇప్పటికీ ఏడాదికి 8 మిల్లీమీటర్ల చొప్పున లేస్తోంది. ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఆనవాలు నేడు స్కూలె కొండ మీద దాదాపు 285 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. 2000లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఇందుకే.

పడవ నడిపేవారికి దీంతో పనేమిటంటారా? చాలానే ఉంది. ఏడాదికి 8 మిల్లీమీటర్లంటే నూరేళ్లకు 80 సెంటీమీటర్లు. తాతలు పడవ తోలిన పాయ మనవల నాటికి మెరకవుతుంది. కాబట్టి పాత చార్టును నమ్ముకోవడం ప్రమాదం.

ఊరటనిచ్చే సంగతి ఇంకోటి ఉంది. బాల్టిక్ సముద్రానికి మహాసముద్రంతో ఉన్న దారి డెన్మార్క్ దగ్గరి ఇరుకు జలసంధులే కాబట్టి ఇక్కడ ఆటుపోట్లు దాదాపు లేవు. గాలిని బట్టి, వాతావరణ పీడనాన్ని బట్టి నీటిమట్టం కొంత మారుతుందంతే. రాత్రి కట్టిన పడవ తెల్లారేసరికి బురదలో కూర్చుంటుందన్న బెంగ అక్కర్లేదు.

పడవ కట్టే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఒడ్డుకు కొంత దూరంలోనే వెనక నుంచి లంగరు వదులుతారు. దాని తాడు వదులుకుంటూ పడవను నెమ్మదిగా బండ వైపు పోనిస్తారు. ముక్కు దగ్గర నిలబడ్డవారు నీటిలోకి తొంగిచూస్తూ లోతు చెబుతారు. బండ అందగానే తాడుతో దిగి చెట్టుకు కడతారు. చెట్టు లేకపోతే బండ పగులులో ఇనుప మేకు దిగ్గొట్టి దానికి కడతారు. ఇళ్లకు దూరంగా ఇలా ఒకటి రెండు రాత్రులు ఆగడానికి స్వీడన్‌లో అందరికీ హక్కుంది. ఎంత మంచి హక్కో! అయితే బండ మీద నేరుగా మంట పెట్టకూడదు. వేడికి రాయి పగులుతుంది, ఆ మచ్చ మానదు.

దీవుల్లో నాకు ముందు చెప్పాలనిపించేది ఉల్వోన్. రెండు దీవుల మధ్య గాలి తగలని రేవు, ఎర్రరంగు చెక్క కొట్టాలు, 1622 నాటి చిన్న ప్రార్థనా మందిరం ఉన్నాయి. ఉప్పులో పులియబెట్టిన హెర్రింగ్ చేపకూ ఈ దీవి పేరుమోసింది. ఎండుచేపల వాసనకు అలవాటుపడ్డ మనకు కూడా ఆ డబ్బా తెరవడం పరీక్షే. దగ్గర్లోని త్రిసుందా ఇంకా చిన్నది, ఇంకా నెమ్మదైనది.

చలికాలంలో ఈ సముద్రం గడ్డకడుతుంది. జూన్ నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకే అనువైన కాలం. జూన్‌లో రాత్రి చీకటే పడదు. అప్పుడూ నీళ్లు చల్లగానే ఉంటాయి కనుక లైఫ్ జాకెట్ విప్పకండి. పడవ నడపడం రానివారు అనుభవమున్న స్కిప్పర్‌తో సహా పడవను అద్దెకు తీసుకోండి.